పెల్లెట్ స్టవ్ కొనేముందు దాని వెనక వైపు చూడండి

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్, మెయిన్, వెర్మాంట్ రాష్ట్రాల్లో ఇల్లు కొనుక్కున్న మన వాళ్లు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో నన్ను ఒకే ప్రశ్న అడుగుతుంటారు: "అక్కా, పెల్లెట్ స్టవ్‌లలో ఏది మంచిది?" చెక్కపొట్టు గుళికలు కాల్చి ఇల్లు వెచ్చబరిచే స్టవ్ అన్నమాట. నేను తిరిగి ఒకటి అడుగుతాను. జనవరిలో ఒక రాత్రి, బయట మంచు కురుస్తుండగా అది ఆగిపోతే విప్పి చూసేది ఎవరు? దానికి జవాబు దొరికాకే బ్రాండు సంగతి మాట్లాడుకోవాలి.

ఇక్కడ చలికాలంలో స్టవ్ మెకానిక్ దొరకడం కష్టం. అందరి స్టవ్‌లూ ఒకే వారంలో పాడవుతాయి, ఎందుకంటే అందరూ ఒకే వారంలో వాటిని గట్టిగా మండిస్తారు. ఫోను చేస్తే వచ్చే వారమనో, ఆ పై వారమనో అంటారు. అందుకే నేను స్టవ్‌ను దాని అందం చూసి ఎంచను, బీటీయూ (వేడిని కొలిచే కొలమానం) అంకె చూసి అసలే ఎంచను. దాన్ని నా చేతులతో విప్పి, తుడిచి, భాగం మార్చి, మళ్లీ బిగించగలనా అన్నదే నా మొదటి పరీక్ష. మా నాన్నకు తాడేపల్లిగూడెంలో మోటారు వైండింగ్ షాపు ఉండేది. మోటారు విప్పే ముందు దాని శబ్దం వినాలని, తీగ పీకే ముందు దానికి గుర్తు కట్టాలని నేర్పింది ఆయనే. ఇప్పుడు నేను ఒక ప్రయోగశాలలో పరికరాలు మరమ్మతు చేసే పని చేస్తున్నాను. అయినా ఈ వ్యాసంలో చెప్పేదేదీ ఆ ఉద్యోగం లేకపోతే చేయలేనిది కాదు. ఒక స్క్రూడ్రైవర్, పానాల సెట్టు, మల్టీమీటర్, ఓపిక ఉంటే చాలు.

ముందు లెక్క చూసుకోండి. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లు హీటింగ్ ఆయిల్‌తో నడుస్తాయి. మెయిన్‌లో అయితే సుమారు సగం ఇళ్లు అవే. ఒక గ్యాలన్ ఆయిల్‌లో సుమారు 1,38,500 బీటీయూల వేడి ఉంటుంది. ఒక టన్ను పెల్లెట్లు, అంటే 40 పౌండ్ల సంచులు 50, దాదాపు 1 కోటి 60 లక్షల బీటీయూలు ఇస్తాయి. అంటే ఒక టన్ను పెల్లెట్లు సుమారు 115 గ్యాలన్ల ఆయిల్‌కు సమానం. మీ ఊళ్లో గ్యాలన్ ధరను 115తో గుణించండి. గ్యాలన్ మూడున్నర డాలర్లు అనుకుంటే సుమారు 402 డాలర్లు వస్తుంది. ఇంటికి చేర్చే ఖర్చుతో కలిపి టన్ను పెల్లెట్ల ధర దానికంటే బాగా తక్కువైతేనే స్టవ్ మీద పెట్టే డబ్బుకు అర్థం ఉంటుంది. 2025 డిసెంబరు 31తో ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే పన్ను రాయితీ ముగిసింది కాబట్టి పాత వ్యాసాల్లో కనిపించే 2,000 డాలర్లను లెక్కలోకి తీసుకోకండి.

లోపల ఏం జరుగుతుంది

స్టవ్ ఎంచుకోవాలంటే అది ఎలా నడుస్తుందో తెలియాలి. మన ఊళ్లలో రంపపు పొట్టును పొయ్యిలో కూరి మధ్యలో బొరియ చేసి వెలిగించేవారు. పెల్లెట్ కూడా ఆ పొట్టే. కాకపోతే దాన్ని గొప్ప ఒత్తిడితో అచ్చుల గుండా నెట్టి, పావు అంగుళం మందపు గుళికలుగా చేస్తారు. జిగురు వేయరు, చెక్కలో ఉండే లిగ్నిన్ వేడికి మెత్తబడి, చల్లారాక గట్టిపడి గుళికను పట్టి ఉంచుతుంది. అందుకే నీళ్లు తగిలితే అది మళ్లీ పొట్టుగా ఉబ్బిపోతుంది.

ఈ గుళికలు పైన ఉండే డబ్బాలో, అంటే హాపర్‌లో, ఉంటాయి. దాని అడుగున ఆగర్ అనే పెద్ద మరచుట్ల కడ్డీ ఉంటుంది. పిండిమరల్లో, రైస్‌మిల్లుల్లో ధాన్యాన్ని జరిపే స్క్రూ లాంటిదే. దాన్ని తిప్పే మోటారు చాలా నెమ్మదైనది, చాలా స్టవ్‌లలో నిమిషానికి ఒకటో రెండో చుట్లు. అది కూడా ఆగకుండా తిరగదు. కొన్ని సెకన్లు తిరిగి, కొన్ని సెకన్లు ఆగుతుంది. మంట పెంచడమంటే ఈ తిరిగే సెకన్లు పెంచడమే. గుళికలు బర్న్‌పాట్ అనే చిన్న ఇనుప గిన్నెలో పడతాయి. గిన్నె అడుగున, పక్కల రంధ్రాలు ఉంటాయి. పొగను బయటికి లాగే ఫ్యాన్, అంటే కంబశ్చన్ బ్లోయర్, మంట పెట్టెలోని గాలిని పీలుస్తుంటే ఆ రంధ్రాల గుండా కొత్త గాలి దూసుకొచ్చి మంట రగులుతుంది. గదిలోకి వెచ్చని గాలి తోసే ఫ్యాన్ వేరు. దాన్ని రూమ్ బ్లోయర్ అంటారు. ఈ రెండు గాలుల దారులూ ఎక్కడా కలవవు. ఒకదానిలో పొగ, రెండోదానిలో మీరు పీల్చే గాలి.

బటన్ నొక్కగానే జరిగే వరుస కంఠతా రావాలి, మరమ్మతు అంతా దాని మీదే నడుస్తుంది కాబట్టి. మొదట పొగ బ్లోయర్ తిరుగుతుంది. పెట్టెలో గాలి పీడనం తగ్గిందని వ్యాక్యూమ్ స్విచ్ గుర్తిస్తుంది. అది ఒప్పుకుంటేనే ఆగర్‌కు కరెంటు వెళ్తుంది. గుళికలు కొన్ని పడతాయి, ఇగ్నైటర్ అనే కాలే కడ్డీ ఎర్రబడుతుంది, పది పదిహేను నిమిషాల్లో మంట అందుకుంటుంది. పొగ దారి తగినంత వేడెక్కిందని ఇంకో స్విచ్ చెప్పాక స్టవ్ మామూలు నడకలో పడుతుంది, రూమ్ బ్లోయర్ మొదలవుతుంది. ఇక్కడ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో చూస్తే ఏ భాగం చెడిందో సగం తెలిసినట్టే.

దుకాణంలో

దుకాణంలో సేల్స్‌మన్ మిమ్మల్ని ముందు వైపు నిలబెట్టి మంట చూపిస్తాడు. అది చూడండి, తప్పు లేదు. తర్వాత పక్క పలకలు తెరవమని అడగండి. మరమ్మతుకు పనికొచ్చే స్టవ్‌కు రెండు పక్కలా తలుపుల్లా తెరుచుకునే పలకలు ఉంటాయి, లేదా రెండు మూడు స్క్రూలతో ఊడతాయి. పలక తీయగానే ఆగర్ మోటారు, రెండు బ్లోయర్లు, వ్యాక్యూమ్ స్విచ్, వేడి స్విచ్‌లు కంటికి కనిపించాలి, చేతికి అందాలి. ఒక భాగం మార్చడానికి ముందు మూడు భాగాలు ఊడదీయాల్సిన స్టవ్‌ను నేను కొనను. అన్నిటికంటే ముఖ్యం పొగ బ్లోయర్. ఇది మురికిపట్టే భాగం, ఏడాదికొకసారి తీసి తుడవాల్సిన భాగం. స్టవ్‌ను గోడ దగ్గరనుంచి జరపకుండా, పొగ గొట్టం ఊడదీయకుండా ఆ బ్లోయర్ బయటికి వస్తుందా? "ఎలా వస్తుందో చూపించండి" అని అడగండి. చూపించలేకపోతే ఆ దుకాణంలో దాన్ని బాగు చేసేవాళ్లు లేరనే అర్థం.

ఇగ్నైటర్ కూడా అంతే. ఏ వాడకపు స్టవ్‌లోనైనా కాలక్రమేణా కాలిపోయే భాగం అది. కొన్నిటిలో ఒక మరను వదులు చేసి లాగితే ఊడి వస్తుంది, తీగలు రెండు క్లిప్పులతో ఉంటాయి. మరికొన్నిటిలో బర్న్‌పాట్ మొత్తం తీయాలి. మొదటి రకం ఎంచుకోండి.

తర్వాత మంట పెట్టె లోపల చేయి పెట్టి చూడండి. వేడిని గాలికి అందించే గొట్టాల వెనక బూడిద పేరుకునే అరలు ఉంటాయి. ఆ అరల మూతలు మరలతో ఊడతాయా? లోపల ఇటుకల్లా కనిపించే పలక సులభంగా వస్తుందా? బూడిద దారి మొత్తం, గిన్నె నుంచి పొగ గొట్టం దాకా, బ్రష్‌తో చేరగలరా? చేరలేని మూల ఒక్కటి ఉన్నా అక్కడ బూడిద చేరి, రెండు మూడు చలికాలాల తర్వాత ఆ స్టవ్ ఎందుకు మండటం లేదో ఎవరికీ అర్థం కాదు.

మాన్యువల్‌ను కొనకముందే చదవండి. చాలా కంపెనీలు దాన్ని తమ సైటులో ఉచితంగా పెడతాయి. అందులో మూడు వెతకాలి: తీగల పటం, భాగాల విడి బొమ్మ దాని నంబర్లతో, లోపాల పట్టిక. తీగల పటం లేని మాన్యువల్ ఉన్న స్టవ్ మీరు బాగు చేసుకోవాలని తయారు చేసింది కాదు. తర్వాత ఆ నంబర్లతో ఇంటర్నెట్‌లో వెతికి, విడిభాగాలు మామూలు కొనుగోలుదారుకు అమ్ముతున్నారా, డీలర్ ద్వారానే ఇస్తారా చూడండి. డీలర్ ద్వారానే ఇచ్చే కంపెనీల స్టవ్‌లు నాణ్యంగా ఉండొచ్చు. కానీ ఆ డీలర్ మీ ఇంటికి దగ్గరలో ఉండాలి, అతని దగ్గర భాగాలు నిల్వ ఉండాలి.

మోటారు మీద అతికించిన పట్టీ చదవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆగర్ మోటారు మీద వోల్టేజీ 120 అని, చుట్లు నిమిషానికి ఎన్ని అని, కుడికి తిరుగుతుందా ఎడమకా అని రాసి ఉంటే సంతోషించండి. ఈ మూడూ, ఇరుసు మందమూ సరిపోతే ఇతర తయారీదారుల మోటారు కూడా పెట్టుకోవచ్చు. అన్నీ ఒకే పెట్టెలో మూసేసి, కంపెనీ గుర్తు తప్ప ఏమీ లేని మోటారు అయితే రేపు ఆ కంపెనీ చెప్పిన ధరే ధర.

కంట్రోల్ బోర్డు విషయంలో నా మాట కొంతమందికి నచ్చదు. ఫోను నుంచి నడిపే స్టవ్, రంగుల తెర ఉన్న స్టవ్ చూడటానికి బాగుంటాయి. ఇంట్లో పెద్దవాళ్లకు తెర మీద అంకెలు కనిపించడం ఉపయోగమే. కానీ స్టవ్ జీవితం పదిహేను, ఇరవై ఏళ్లు. ఆ తెర, ఆ యాప్ అంతకాలం దొరుకుతాయని నేను నమ్మను. తిప్పే మీటలు, నాలుగు బటన్లు, ఒక చిన్న బోర్డు ఉన్న స్టవ్‌ను నేను ఎక్కువగా ఇష్టపడతాను. బోర్డు మీద ఫ్యూజు విడిగా, మార్చుకునేలా ఉందో లేదో చూడండి. కొన్నిసార్లు "బోర్డు పోయింది" అని చెప్పే జబ్బు ఒక చిన్న ఫ్యూజు మాత్రమే.

గుళికలు పై నుంచా, కింద నుంచా

గుళికలు గిన్నెలో చేరే తీరు మీద కొంచెం ఆగి మాట్లాడాలి, ఎందుకంటే మీ రోజువారీ పనిని నిర్ణయించేది అదే.

చాలా స్టవ్‌లు పై నుంచి వేసేవి. ఆగర్ గుళికలను పైకి మోసుకెళ్లి జారుడు గొట్టంలో వదిలితే అవి గిన్నెలో పడతాయి. నిర్మాణం సరళం, మంట వెనక్కి హాపర్‌లోకి పాకే అవకాశం తక్కువ. కష్టం ఒకటే: బూడిద గిన్నెలోనే ఉండిపోతుంది. నాసిరకం పెల్లెట్లలోని ఇసుక, బెరడు కరిగి గాజులాంటి చిట్టెం కడుతుంది, రంధ్రాలు మూసుకుపోతాయి. రోజుకొకసారి గీకాలి. క్వాడ్రా-ఫైర్ కంపెనీ క్యాస్టీల్ లాంటి మోడళ్లలో గిన్నె అడుగు తెరిచి చిట్టెం కింద పడేసే లాగుడు కడ్డీ ఉంటుంది, అది నిజంగా పని తగ్గిస్తుంది.

కింద నుంచి నెట్టే రకానికి బాగా తెలిసిన ఉదాహరణ పెన్సిల్వేనియాలోని హ్యాలిఫాక్స్‌లో తయారయ్యే హార్మన్ స్టవ్‌లు. ఇందులో గుళికలు వెనక నుంచి, కింద నుంచి గిన్నెలోకి నెట్టుకుంటూ వస్తాయి. కాలిన బూడిద ముందు అంచు మీదుగా బూడిద పెట్టెలోకి రాలిపోతుంది. అందువల్ల రోజూ గీకాల్సిన పని తగ్గుతుంది, బూడిద ఎక్కువుండే పెల్లెట్లను కూడా ఓర్చుకుంటుంది. కానీ గిన్నె కింద ఇగ్నైటర్ ఉండే అరలో సన్నని బూడిద చేరుతుంది. దాని చిన్న మూత తీసి క్రమం తప్పకుండా శుభ్రం చేయాలి. అది చేయని ఇళ్లలోనే ఇగ్నైటర్లు త్వరగా పోతాయి. ధర కూడా ఎక్కువ.

ఇంగ్లండ్స్ స్టవ్ వర్క్స్ వారి ఇంగ్లాండర్ స్టవ్‌లలో 25-పీడీవీసీ అనే పాత మోడల్ సొంతంగా బాగు చేసుకునేవాళ్లకు మంచి పాఠం. అందులో ఆగర్లు రెండు, పైది ఒకటి, కిందిది ఒకటి, రెండిటికీ వేర్వేరు మోటార్లు. భాగాలు ఎక్కువే, కానీ అన్నీ కనబడతాయి, మామూలు పనిముట్లతో ఊడతాయి. బోర్డు మీద కింది మూడు బటన్లతో తక్కువ మంట దగ్గర గుళికల పరిమాణాన్ని, గాలిని మనమే సరిచేసుకోవచ్చు. చూపులకు సాదాసీదాగా ఉంటుంది. నేను ఈ స్టవ్ విప్పి నేర్పిన వాళ్లెవరూ తర్వాత మెకానిక్ కోసం ఎదురుచూడలేదు.

సైజు విషయంలో ఒక్క మాట. పెద్దది కొంటే ఎప్పుడైనా పనికొస్తుందని అనుకోకండి. ఇంటికి మించిన స్టవ్ చలికాలమంతా అతి తక్కువ మంట మీద నడుస్తుంది. పొగ దారి చల్లగా ఉండి మసి పడుతుంది, అద్దం నల్లబడుతుంది. గాలి దూరే గోడలున్న పాత ఇల్లా, ఇన్సులేషన్ ఉన్న కొత్త ఇల్లా చూసుకుని, మీకు చాలా రోజులు మధ్యస్థపు మంట సరిపోయేలా ఎంచుకోండి. గంటకు ఒకటిన్నర పౌండ్లు కాలితే రోజుకు దాదాపు ఒక సంచి అవుతుంది. సంచులు మోసేది ఎవరో, ఎక్కడ నిల్వ చేస్తారో అది కూడా ఇప్పుడే ఆలోచించాలి.

పొగ గొట్టం, గాలి, కరెంటు

గొట్టం బిగించడం మాత్రం ధ్రువపత్రం ఉన్నవాళ్లతో చేయించండి. మునిసిపాలిటీ అనుమతి తీసుకోండి, బీమా కంపెనీకి తెలియజేయండి. కానీ ఎక్కడ పెట్టాలో మీరే నిర్ణయించాలి, కాబట్టి లెక్క తెలియాలి. పెల్లెట్ గొట్టం 3 లేదా 4 అంగుళాలది. 90 డిగ్రీల మలుపుకు 5 అడుగులు, 45 డిగ్రీల మలుపుకు 3 అడుగులు, అడ్డంగా ప్రతి అడుగుకు 1, నిలువుగా ప్రతి అడుగుకు అర అడుగు లెక్కన కూడండి. మొత్తం 15 దాటితే 4 అంగుళాల గొట్టం కావాలి. కిటికీ, తలుపుల నుంచి గొట్టం మూతి పక్కకు 4 అడుగులు, కిందికి 4 అడుగులు, పైకైతే 1 అడుగు దూరం ఉండాలన్నది సాధారణ నియమం. మీ స్టవ్ మాన్యువల్‌లో అంతకంటే ఎక్కువ అడిగితే అదే పాటించాలి. మలుపు దగ్గర అడుగున మూత ఉన్న 'టీ' ముక్క పెట్టించండి, శుభ్రం చేయడం అక్కడి నుంచే. గొట్టం నేరుగా గోడలోంచి అడ్డంగా పోకుండా మొదట మూడు నాలుగు అడుగులు పైకి లేచేలా చేయిస్తే, కరెంటు పోయినప్పుడు పొగ తనంతట తాను బయటికి వెళ్లడానికి కొంత ఆస్కారం ఉంటుంది.

బయటి గాలి గొట్టం తప్పకుండా పెట్టించండి. కొందరు డీలర్లు అవసరం లేదంటారు. మన వంటిళ్ల సంగతి వాళ్లకు తెలియదు. పోపు వేసేటప్పుడు, చేపలు వేయించేటప్పుడు మనం పొగ హుడ్‌ను పూర్తి జోరులో పెడతాం. అది ఇంట్లోంచి లాగే గాలి, స్టవ్ లాగాల్సిన గాలితో పోటీ పడుతుంది. బిగుతుగా కట్టిన కొత్త ఇళ్లలో మంట ఒక్కసారిగా నీరసించి, పసుపు నాలుకలు సాగిపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను. స్టవ్‌కు బయటి నుంచి గాలి నేరుగా అందితే ఆ పోటీ తగ్గుతుంది. పడకగదుల దగ్గర, స్టవ్ ఉన్న అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉండాల్సిందే.

కరెంటు పోతే పెల్లెట్ స్టవ్ ఆగిపోతుంది. ఇది కట్టెల పొయ్యి కాదు. నడిచేటప్పుడు 100 నుంచి 150 వాట్లు, వెలిగించేటప్పుడు 400 వాట్ల దాకా తీసుకుంటుంది. ఇన్వర్టర్ అంటే మన వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. తెలుగు రాష్ట్రాల్లో ఫ్యాన్లు నడపడానికి పెట్టుకున్న సరంజామానే ఇక్కడ స్టవ్‌కు. కాకపోతే ప్యూర్ సైన్ వేవ్ రకమే కొనండి, మిగతావాటితో మోటార్లు గుర్రుమంటాయి, వేడెక్కుతాయి, బోర్డులు తికమక పడతాయి. 12 వోల్టుల 100 ఆంపియర్-అవర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడతాం అనుకుంటే 600 వాట్-అవర్లు, అంటే సుమారు అయిదు గంటలు. పొగ బ్లోయర్ ఒక్క క్షణం కూడా ఆగకుండా బ్యాటరీ అందుకోవడం ఇందులో అసలు లాభం. అది ఆగితే గిన్నెలో రగులుతున్న గుళికల పొగ గదిలోకి వస్తుంది.

ఆగిపోయినప్పుడు

ముందుగా ప్లగ్ తీయండి. 120 వోల్టులు చంపగలవు. చల్లారేదాకా ఆగండి. ఏ తీగ తీసినా ముందు ఫోనుతో ఫొటో తీయండి.

గుళికలు పడటం లేదా? హాపర్ చూడండి. సంచి అడుగునుండే పొడి చేరి గుళికలు కమానులా నిలబడి, కింద ఖాళీ ఉండిపోవడం మామూలే. చేత్తో కదిపితే కూలుతుంది. తర్వాత తలుపు, బూడిద పెట్టె, హాపర్ మూత గట్టిగా పడ్డాయా చూడండి. మూడింటిలో ఏది సందుగా ఉన్నా వ్యాక్యూమ్ స్విచ్ లేదా మూత స్విచ్ ఆగర్‌ను ఆపుతుంది. తలుపు గ్యాస్కెట్‌ను, అంటే సందు మూసే తాడును, పరీక్షించడానికి ఒక డాలరు నోటును మధ్యలో పెట్టి తలుపు మూసి లాగండి. సులువుగా వచ్చేస్తే అక్కడ గాలి దూరుతోంది. ఆ తర్వాత వ్యాక్యూమ్ స్విచ్‌కు వెళ్లే రబ్బరు గొట్టం ఊడదీసి, స్టవ్ వైపు ఉన్న ముక్కులో పేపర్ క్లిప్పు తీగ పెట్టి బూడిద తీయండి. స్విచ్‌లోకి మాత్రం గాలి ఊదకండి, లోపలి పొర చిరుగుతుంది. స్విచ్ దాటించి రెండు తీగలూ కలిపేయడం కొందరు నేర్పుతారు. అలా కలిపి నడిపిన స్టవ్ ఇంటిని కాల్చగలదు. పరీక్ష కోసం కూడా అలవాటు లేనివాళ్లు చేయవద్దు.

గుళికలు పడుతున్నాయి, మంట రావడం లేదు అంటే ఇగ్నైటర్ అనుమానం. కానీ ముందు గిన్నెలో ఇగ్నైటర్ ఎదురుగా ఉన్న రంధ్రం శుభ్రంగా ఉందో లేదో చూడండి. ఎర్రబడ్డా వేడి గాలి లోపలికి రాకపోతే ప్రయోజనం లేదు. తీగలు తీసి మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టండి. లెక్క సులభం: వోల్టేజీని వోల్టేజీతో గుణించి వాట్లతో భాగించాలి. 120 వోల్టులు, 300 వాట్లు అయితే 48 ఓములు. దానికి దగ్గర్లో చూపిస్తే బాగున్నట్టు. ఏమీ చూపించకపోతే లోపలి తీగ తెగిపోయింది.

మంట వచ్చి, పావుగంటకు మళ్లీ ఆరిపోతోందా? పొగ దారి వేడిని గుర్తించే చిన్న గుండ్రటి స్విచ్ చెడి ఉండొచ్చు. కానీ అంతకంటే తరచుగా కారణం బూడిదే: బ్లోయర్ రెక్కల మీద పేరుకున్న బూడిద, గొట్టంలో పేరుకున్న బూడిద. భాగం కొనే ముందు శుభ్రం చేయండి. బ్లోయర్ కీచుమంటే బేరింగు, దడదడమంటే రెక్కల మీద బూడిద ఒక పక్కకు చేరడం. ప్లగ్ తీసి రెక్కను వేలితో తిప్పితే తేడా తెలుస్తుంది. బ్లోయర్ తీసిన ప్రతిసారీ కొత్త గ్యాస్కెట్ వేయండి, పాతది మళ్లీ బిగిస్తే పొగ కారుతుంది.

వేడి తగిలే ప్రతి మరకూ, తిరిగి బిగించే ముందు, అధిక వేడికి తట్టుకునే యాంటీ-సీజ్ పేస్టు కొద్దిగా రాయండి. ఇది ఎవరూ చెప్పరు. వచ్చే ఏడాది ఆ మర తల విరగకుండా ఊడేది దాని వల్లే.

శుభ్రత

రోజూ గిన్నె గీకడం, వారానికొకసారి మంట పెట్టె, గొట్టాల లోపలి గీకుడు, బూడిద పెట్టె ఖాళీ చేయడం, టన్నుకొకసారి లోపలి అరలు, గొట్టం. వసంతంలో పూర్తి పని: ఎలక్ట్రిక్ లీఫ్ బ్లోయర్‌ను పీల్చే వైపు గొట్టంతో బయటి పొగ మూతికి బిగించి, లోపల తలుపు మూసి, మంట పెట్టెను సుతారంగా తడుతూ ఉంటే ఏడాది బూడిద అంతా బయటికి పోతుంది. ముఖానికి మాస్కు పెట్టుకోండి, గాలి వాలు పొరుగువారి బట్టల వైపు ఉందేమో చూసుకోండి. మామూలు వ్యాక్యూమ్ క్లీనర్‌ను వాడకండి. లోహపు పెట్టె, సన్నని ఫిల్టర్ ఉన్న బూడిద వ్యాక్యూమ్‌నే, అదీ చల్లారిన బూడిదకే. తీసిన బూడిద మూత ఉన్న ఇనుప డబ్బాలో, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా పెట్టండి. పైకి చల్లగా ఉన్నా లోపల నిప్పు మూడు నాలుగు రోజులు ఉండగలదు.

పెల్లెట్ సంచి మీద బూడిద శాతం చదవండి. అమెరికాలో పీఎఫ్‌ఐ (పెల్లెట్ ఇంధన సంస్థ) ప్రీమియం గ్రేడ్ అంటే 1 శాతం లోపు, ఐరోపాలో ఎన్‌ప్లస్ ఏ1 అంటే 0.7 శాతం లోపు. కొత్త రకం కొన్నప్పుడు టన్ను కొనకుండా నాలుగైదు సంచులు కాల్చి, గిన్నెలో చిట్టెం ఎంత, హాపర్ అడుగున పొడి ఎంత చూసుకోండి.

పాతది కొంటే

బాగు చేయడం తెలిసినవాళ్లకు పాత స్టవ్ మంచి బేరం. గిన్నె అడుగు పల్చబడి రంధ్రాలు సాగాయా, మంట పెట్టె అతుకుల్లో పగుళ్లున్నాయా, హాపర్ అడుగున తుప్పుందా చూడండి. వెనక పలక మీద మోడల్ పట్టీ, పరీక్షా ప్రమాణం ఏఎస్‌టీఎం ఈ1509 అని ఉండాలి. పట్టీ లేకపోతే అనుమతి, బీమా రెండూ ఇబ్బంది. అమ్మేవాళ్లను మీ ముందు చల్లటి స్టవ్‌ను వెలిగించమని అడగండి, పైన చెప్పిన వరుస మొత్తం కళ్లారా చూడండి, చెవులారా వినండి. "మొన్నటిదాకా బాగానే నడిచింది" అన్న మాట మీద డబ్బు ఇవ్వకండి. ఆ మోడల్‌కు బోర్డు, పొగ బ్లోయర్ ఇప్పటికీ దొరుకుతున్నాయని ముందురోజే ఫోనులో చూసుకుని వెళ్లండి. 2020 మే 15 తర్వాత కొత్తగా అమ్మే స్టవ్‌లకు పర్యావరణ సంస్థ ఈపీఏ గంటకు 2 గ్రాముల పొగ పరిమితి పెట్టింది. అంతకుముందు తయారైన వాటి విషయంలో మీ రాష్ట్రం నియమం ఏమిటో పట్టణ కార్యాలయంలో కనుక్కోండి.

కొత్తదైనా పాతదైనా, ఇంటికి తెచ్చిన వారంలోనే ఒక డబ్బా సిద్ధం చేయండి: ఒక ఇగ్నైటర్, పొగ బ్లోయర్ గ్యాస్కెట్లు రెండు, బోర్డు ఫ్యూజులు, వ్యాక్యూమ్ గొట్టం ఒక అడుగు, తలుపు తాడు గ్యాస్కెట్, దాని సిమెంటు, వేడి స్విచ్ ఒకటి. స్టవ్ అయిదేళ్లు దాటితే ఆగర్ మోటారు కూడా. మాన్యువల్‌లోని తీగల పటాన్ని పెద్దగా ముద్రించి, భాగాల నంబర్లు పక్కన రాసి, ఆ డబ్బా మూత లోపల అతికించండి. ఇంట్లో ఇంకొకరికి దాన్ని చూపించి, ప్లగ్ ఎక్కడుందో, ఏ పలక ముందు తీయాలో వాళ్ల చేతే ఒకసారి చేయించండి.